అమ్మ టీ కూజా, మా ఆయన ఖాతా

ఓస్టర్‌హామ్, జర్మనీ
మార్చి మొదటి వారం, 2003

గౌరవనీయులైన పికర్స్‌గిల్ గారికి,

ముందుగా నా చేతిరాతనూ, అక్షర దోషాలనూ మన్నించండి. నేను బడి చిన్నతనంలోనే మానేశాను. ఆ తర్వాత రాసిందంతా పాల డబ్బాల మీద తేదీలే.

వేలం సైటులో ఎర్ర గులాబీల టీ కూజాను మీరు గెలుచుకున్నారు. అక్కడ మీకు కనబడే హార్మ్ యాన్సెన్ మా ఆయన. నేను ఆయన భార్యను, వీబ్కెను. ఊరి లైబ్రరీ కంప్యూటరులో ఆయన పేరు మీదనే అమ్మకానికి పెట్టాను. రహస్య పదం మా కుక్క పేరు కాబట్టి కష్టం కాలేదు.

ఈమెయిల్ ఆయన చూస్తారు. అందుకని దయచేసి ఉత్తరమే రాయండి. అరవై యూరోలూ నోట్లుగా కవరులో పెట్టి, నా పేరున లైబ్రరీ చిరునామాకు పంపండి. బ్యాంకు ద్వారా మాత్రం పంపవద్దు. డబ్బు అందిన రోజే కూజా పంపుతాను. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి.

ఇట్లు,
వీబ్కె యాన్సెన్

తా.క. కూజా మూతికి చిన్న పెచ్చు ఊడింది. అది చిన్నప్పుడు నా చేతిలో జరిగింది. దానికని ధర తగ్గించను. అప్పుడు మా అమ్మే నన్ను ఏమీ అనలేదు.


కీథ్లీ, ఇంగ్లండు

శ్రీమతి యాన్సెన్ గారికి,

మీ ఉత్తరం అందింది. సైన్యంలో ఉండగా మీ దేశంలోనే జర్మన్ నేర్చుకున్నాను కనుక అర్థం చేసుకోవడానికి ఇబ్బంది పడలేదు. అర్థమయ్యాకే ఇబ్బంది మొదలైంది.

పరాయి పేరుతో సరుకు, పరాయి చిరునామాకు డబ్బు, అదీ నోట్లుగా, ఆపైన ఉత్తరం కాల్చేయమనడం. ఇలాంటివాళ్ళ దగ్గర కొనవద్దని సైటువాళ్ళు ఎర్ర అక్షరాలతో రాసి పెట్టారు. మీరు ఆ హెచ్చరికను చూసి నేర్చుకున్నట్టున్నారు.

మా దేశంలో మర్యాద తెలిసినవాడు చెక్కు రాస్తాడు. మీ పేరునే రాసి జతచేశాను.

భవదీయుడు,
విల్‌ఫ్రెడ్ పికర్స్‌గిల్

తా.క. మా ఇంట్లో ఉన్నది కరెంటు హీటరు. మీ ఉత్తరం కాల్చే సౌకర్యం లేదు.


ఓస్టర్‌హామ్

గౌరవనీయులైన పికర్స్‌గిల్ గారికి,

చేతిరాత ఇంకా బాగుపడలేదు, మన్నించండి.

మీ చెక్కు తీసుకుని లీర్‌లోని బ్యాంకుకు వెళ్ళాను. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి మేనేజరును పిలిచాడు. మేనేజరు కళ్ళజోడు తీసి చూసి, "ఇవి ఇంకా రాస్తున్నారా వాళ్ళు?" అన్నారు. ఇక్కడ అందరూ ఖాతాలోంచి ఖాతాలోకే పంపుకుంటారు. పౌండ్ల చెక్కు మార్చాలంటే వాళ్ళ రుసుము వేరే. అది పోతే నాకు ఇంటికి బస్సు చార్జీ మిగులుతుంది. పైగా అది ఏదో ఒక ఖాతాలోనే వెయ్యాలట. నాకు ఖాతా లేదు. చెక్కు తిరిగి పంపుతున్నాను.

మీరు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా సైటువాళ్ళు అమ్మకం రుసుము మా ఆయన ఖాతాలోంచి తీసుకుంటారట. అలా తీసుకోకూడదంటే మీరు డబ్బు ఎగ్గొట్టారని నేను ఫిర్యాదు పెట్టాలట. అంత మాట నేను రాయలేను. దయచేసి నోట్లే పంపండి. ఇది కూడా కాల్చేయండి.

ఇట్లు,
వీబ్కె

తా.క. హీటరు పనికిరాకపోతే పొయ్యి ఉంటుంది కదా.


కీథ్లీ

శ్రీమతి యాన్సెన్ గారికి,

నన్ను ఎగవేతదారుడిగా రాస్తానని ఎంతో మృదువుగా బెదిరించారు. ఇన్నేళ్ళలో పాలవాడికి కూడా బాకీ పడలేదు నేను.

ఇక మాటలు అనవసరం. అమ్మకందారుకు డబ్బు పంపవలసిన ఖాతా సైటులోనే ఉంది. హార్మ్ యాన్సెన్ పేరున అరవై యూరోలు పంపించేశాను. దేశం దాటించినందుకు మా బ్యాంకువాళ్ళు నా దగ్గర పిండిన రుసుముతో మరో కూజా మూత వచ్చేది. అయినా ఇప్పుడు నా దగ్గర రశీదు ఉంది. కూజా రాకపోతే మీ పేరు పక్కన నల్ల మచ్చ పెట్టిస్తాను.

భవదీయుడు,
వి. పికర్స్‌గిల్

తా.క. పొయ్యి కూడా కరెంటుదే.


ఓస్టర్‌హామ్

పికర్స్‌గిల్ గారికి,

ఈసారి అక్షరాలు వంకరగా ఉంటే అది చదువు లేక కాదు, కోపంతో రాసి.

ఆ ఒక్క పనీ చేయవద్దని మొదటి ఉత్తరంలోనే వేడుకున్నాను. సిగ్గుపడి కారణం రాయలేదు, అది నా తప్పే. ఇప్పుడు రాస్తున్నాను.

నేను కారు నడపడం నేర్చుకోవాలనుకున్నాను. మా ఊరికి బస్సు పొద్దునా సాయంత్రమూ వస్తుంది, ఆదివారం అదీ లేదు. పోయినేడు మా అమ్మకు ఊపిరి అందడం లేదని ఆదివారమే కబురు వచ్చింది. హార్మ్ వేటకు వెళ్ళారు. కారు వాకిట్లోనే ఉంది. అమ్మ పోయేసరికి నేను దాని పక్కన నిలబడి ఉన్నాను.

డ్రైవింగ్ బడిలో చేరడానికి డబ్బు అడిగితే మా అత్త ట్యామ్మా, "నీకు కారెందుకే? ఆవులేమన్నా కారెక్కుతాయా?" అంది. హార్మ్ నవ్వారు. అత్త మూడో కప్పు టీ తాగి, ఇక చాలన్న గుర్తుగా చెంచా కప్పులో పెట్టేదాకా బల్ల దగ్గర నుంచి లేవకూడదు కాబట్టి ఆ నవ్వంతా కూర్చునే విన్నాను. అమ్మ కూజా ఒక్కటే నాదని చెప్పుకోగలిగింది. అదే అమ్మాను.

మీ డబ్బు చూసి మా ఆయన ఎంత సంతోషించారో! కిందటేడు ఆయన దగ్గర మోపెడ్ సామాను కొని డబ్బు ఇవ్వని ఇంగ్లీషువాడొకడు ఉన్నాడు. ఆ బాకీయే తీరిందనుకున్నారు. "చూశావటే, ఆలస్యమైనా ఇంగ్లీషువాళ్ళు మాట మీద నిలబడతారు!" అని మిమ్మల్ని పొగిడి, ఆ డబ్బుతో గోడలకు రంధ్రాలు పెట్టే డ్రిల్లు కొనుక్కున్నారు.

పొరపాటున పంపానని రాసి ఆ డబ్బు వెనక్కి అడగగలరా? ఆపైన నాకు నోట్లు పంపండి. కాల్చేయండి.

వీబ్కె

తా.క. ఇంట్లో ఇప్పటికే చాలా రంధ్రాలు పడ్డాయి. తగిలించడానికి మా దగ్గర అన్ని పటాలు లేవు.


కీథ్లీ

శ్రీమతి యాన్సెన్ గారికి,

మీ అమ్మగారి గురించి చదివి బాధపడ్డాను. కానీ నేను డబ్బు చెల్లించాను. సైటులో ఉన్న పేరుకు, సైటులో ఉన్న ఖాతాకు చెల్లించాను. ఆ తర్వాత మీ ఇంట్లో ఎవరి డబ్బు ఎవరు తిన్నారో తేల్చడం కొనుగోలుదారు పని కాదు. ఇచ్చిన డబ్బును పొరపాటని అబద్ధమాడి వెనక్కి అడగలేను. కూజా పంపండి.

భవదీయుడు,
వి. పికర్స్‌గిల్

తా.క. నేను టీ మానేశాను, డాక్టరు వద్దన్నాడు. అందులో మందు బిళ్ళలు పోసుకుంటాను.


ఓస్టర్‌హామ్
మే నెల

పికర్స్‌గిల్ గారికి,

చేతిరాత ఇంతే. చదువుకోండి.

కూజా ఈ ఉత్తరంతోపాటే వస్తోంది. మీరన్నది నిజమే, మీరు డబ్బు ఇచ్చారు. నాకు ఇవ్వలేదు, అంతే.

మీ జవాబు చదివాక మళ్ళీ లీర్ బ్యాంకుకు వెళ్ళాను. మా ఆయన ఖాతాలోంచి నాకు అరవై యూరోలు ఇస్తారేమోనని అడగడానికి. ఈసారి కిటికీ దగ్గర నా ఈడు అమ్మాయి ఉంది. "ఆయన ఖాతా ముట్టుకోలేను గానీ, మీ పేరున ఒకటి తెరవకూడదూ?" అంది.

"మా ఆయన సంతకం పెట్టరండీ," అన్నాను.

"ఆయన సంతకం ఎందుకు?"

"పెళ్ళైన ఆడదానికి కావాలట కదా. మా అత్త చెప్పింది."

నా వెనక నిలబడ్డ ముసలావిడ, "ఓసి పిచ్చిపిల్లా! అది మా అమ్మ కాలం నాటి ముచ్చటే!" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు మాత్రం నాకు కోపం రాలేదు. గుర్తింపు కార్డు చూపించాను. బయటకు వచ్చేసరికి నాకు ఖాతా ఉంది. పెళ్ళైన నాటి నుంచీ ఆ కార్డు నా సంచిలోనే ఉంది, పికర్స్‌గిల్ గారూ.

అక్కడి నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్ళి, ఆయన పేరు మీదనే, డబ్బు మాత్రం నా ఖాతాకు పంపమని రాసి డ్రిల్లు వేలానికి పెట్టాను. నా డబ్బుతో కొన్నదే కదా. ఎమ్డెన్ ఊరాయన కొన్నాడు. చెక్కూ లేదు, నోట్లూ లేవు, ఉత్తరమూ లేదు. మర్నాడే నా ఖాతాలో పడ్డాయి. అమ్మ కూజా కంటే డ్రిల్లు ఎక్కువ పలికింది. అది మాత్రం చాలాసేపు మింగుడు పడలేదు.

డ్రైవింగ్ బడిలో పేరు రాయించుకున్నాను.

అమ్మకం రుసుము మాత్రం మునుపటిలాగే మా ఆయన ఖాతాలోంచి పోయింది. నిన్న ఆ కాగితం పట్టుకుని, "దొంగ వెధవలు! నేనేమీ అమ్మకుండానే రుసుము లాగేశారే!" అని ఇల్లంతా తిరిగారు. కొట్టులో డ్రిల్లు కోసం కూడా వెతికారు. రెండింటినీ ఇంకా కలిపి చూసుకోలేదు. చూసుకున్న రోజున ఏం జరుగుతుందో నాకు తెలియదు. అత్త మూడో కప్పు పోసుకుంటూ నావైపు చూసింది. నేను మొదటి కప్పులోనే చెంచా పెట్టేసి లేచాను.

ఈ ఉత్తరం కాల్చవద్దు. దాచండి. ఎవరైనా వచ్చి అడిగితే చూపించండి. కింద ఉన్నది నా సంతకమే. మా ఆయనది అక్కర్లేదు.

వీబ్కె యాన్సెన్

తా.క. మూతను డ్రిల్లు వాడే పద్ధతి రాసిన కాగితంలో చుట్టాను. మందు బిళ్ళలు పోసే ముందు ఒక్కసారి ఆ కూజాలో టీ కాచండి. మీరు తాగకపోయినా ఫరవాలేదు. దానికి అలవాటు.