ఉప్పెయ్యని మెత్తళ్ళు

సాలూరు, ఆగస్టు 1968

లక్ష్ముడు మావకి కొండబాబు దండాలు.

ఇక్కడ చేపల చెరువులో పనికి కుదిరాను కదా, బొచ్చె చేపపిల్లలు గోరంత వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఎందుకో పుస్తకం కొని చదివాను. ఒళ్ళు పెరగడానికి అమైనో ఆమ్లాలని కొన్ని సరుకులు కావాలి. వాటిలో కొన్ని చేప సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. ఒక్కటి తగ్గినా ఎదుగుదల ఆగుతుంది. లైసిన్ అనేది మేము వేసే తవుడులోనూ వేరుశనగ చెక్కలోనూ చాలదు. నువ్వు సముద్రంలో పట్టే చిన్న చేపలు, ఆ ఎండు మెత్తళ్ళలో దండిగా ఉంది. చెరువు పిల్లలకి ఉప్పు పడదు, ఉప్పెయ్యకుండా ఎండబెట్టినవి ఒక బస్తా పంపు. పిల్లలు ఎదక్కపోతే నన్ను గెంటేస్తారు.

ఇట్లు, మేనల్లుడు.

తా.క. ఉప్పు వద్దు. మళ్ళీ రాస్తున్నాను, ఉప్పు వద్దు.

భావనపాడు

సిరంజీవి కొండబాబుకి మావ దీవెనలు.

నీ ఉత్తరం మీ గున్నమ్మత్తకి సదివి వినిపించాను. ఉప్పు లేని కూడు అడిగినాడంటే పచ్చకామెర్లే అని ఏడుస్తన్నాది. కామెర్లకి చేప కూడదు. అందుకే మెత్తళ్ళు మానేసి నేలఉసిరి ఆకు పంపినాను. నూరుకుని తాగు.

తా.క. కళ్ళ రంగు ఎవరినైనా సూసి సెప్పమను. అద్దం సూసుకుంటే జడుసుకుంటావు.

సాలూరు

మావా,

నా కళ్ళు పచ్చగా లేవు. ఎర్రగా ఉన్నాయి, నీ మీద కోపంతో. మెత్తళ్ళు నాకు కాదు, చేపపిల్లలకి. రోజూ చచ్చి తేలుతున్నాయి.

కొండబాబు.

తా.క. నీ ఆకు మేక తినేసింది. దానికీ కామెర్లు లేవు.

భావనపాడు

నాయినా కొండబాబూ,

ఇంత కోపం వచ్చిందంటే రోగం ముదిరిందని మీ అత్త అంటన్నాది. కామెర్లకి వాతలు పెట్టే జగ్గమ్మని బస్సెక్కించాము. చెయ్యి సాపు.

నీ మావ.

సాలూరు

గున్నమ్మత్తకి,

ఈ ఉత్తరం మావ చేతికివ్వకు, పక్కింటి దాలమ్మ చేత చదివించుకో. జగ్గమ్మ వచ్చింది. నలుగురు కూలీలు నన్ను గట్టు మీద పడేసి పట్టుకుంటే రెండు చేతులకీ వాతలు పెట్టి వెళ్ళింది. నాకు ఏ రోగమూ లేదత్తా. నేను అడిగింది చెరువులో చేపపిల్లలకి మేత. సగం పోయాయి. మిగిలినవీ పోతే నేను మళ్ళీ లారీల దగ్గర మూటలు మొయ్యాలి.

నీ కొండబాబు.

తా.క. చేతులు మండుతున్నాయి. అక్షరాలు వంకర పోతే దాలమ్మని తిట్టుకోవద్దను.

భావనపాడు

కొండబాబుకి, ఏటని దీవించాలో తెలీక మావ రాస్తన్నాడు.

దాలమ్మ గొంతుకి నీ ఉత్తరం వీధంతా విన్నాది. దాచి లాభం లేదు. చెరువు మాటలన్నీ మింగేసి, ఉప్పు లేని మెత్తళ్ళు అడిగినావని మాత్రమే మీ అత్తకి సదివినాను. కామెర్లని అదే అనుకున్నాది. నేను కాదనలేదు. ఏటి సెయ్యమంటావు? కెరటాల్లో నడుం ఇరగ్గొట్టుకుని నేను పట్టిన చేపని నీ చెరువు చేపకి మేపాలా? అది బలిసి సంతకొచ్చి నా గంప పక్కనే కూకుంటాది. ఎగురుతున్న చేపని ఒగ్గేసి నా ఎండు చేప ఎవడు కొంటాడు? నా కడుపు కొట్టేదాన్ని నా సేత్తోనే పెంచమన్నావురా నువ్వు.

ఇదంతా మీ అత్తకీ సెప్పినాను. ఇన్నాది. ఇని, ఇంట్లో ఉన్న మెత్తళ్ళన్నీ బస్తాకెత్తి నీ దగ్గరికి బయల్దేరిపోనాది.

నీ మావ.

తా.క. ఆ చేప ఎదిగినాక రుచిగా ఉంటే, నాకు మాత్రం సెప్పకు.