చెప్పకుండా అతికిన తీగ

మంగళవారం, రాత్రి.

నాయుడుపేట ఫ్యాక్టరీ మేనేజరు పిలిచాడు. ఇన్నాళ్ళూ నేను చూసుకున్న వాళ్ళ ఇంటర్నెట్ లైన్లు వచ్చే నెల నుంచి చెన్నై కంపెనీ చూసుకుంటుందట. లైను తెగినా, బాగుచేసినా ఆ కంపెనీ వెంటనే మెసేజ్ పంపుతుందట.

"ఇన్నేండ్లలో నీ లైను ఒక్కసారీ ఆగలేదు. ఇంక నువ్వు చేసే పనేముండాది పెద్దాయనా?" అని నవ్వాడు.

లారీలు తగిలి తీగ తెగిన ప్రతిసారీ, వాళ్ళు పనిలోకి రాకముందే అతికి వచ్చేసేవాణ్ణి. వాళ్ళనెందుకు కంగారు పెట్టడమని చెప్పేవాణ్ణి కాదు. ఈరోజూ చెప్పలేదు. "సరే సార్" అన్నాను.

వచ్చే దారిలో ఆ ఫ్యాక్టరీ తీగే రోడ్డు మీదికి వేలాడుతోంది. బండి ఆపి, స్తంభానికి ఎత్తి కట్టాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ సుబ్బమ్మ ఏడ్చింది. "ఊర్లో ఇండ్ల కనెక్షన్లన్నీ ఎప్పుడో పాయ. ఈ ఫ్యాక్టరీ గూడా పోతే ఏం తిని బతకల్ల? ఈరోజు తీగ ఎత్తి కట్టిందన్నా సెప్పు ఆయప్పకు" అని ఫోను చేతిలో పెట్టింది.

చేశాను. మేనేజరు ఎత్తాడు.

"ఏం పెద్దాయనా, లైను బాగుండాదా?"

"బాగుండాది సార్" అని పెట్టేశాను.