తలపిన్ను పట్టుకున్న సెన్సర్

నాన్నా, నేను షెడ్డుకి వెళ్తున్నా. కారు స్టార్ట్ చెయ్యకు. ఇంజన్‌కి ఏమీ కాలేదు, నువ్వు చూపించిన ఆ మెకానిక్ చెప్పినట్టు దాన్ని విప్పాల్సిన పని లేదు. అందరి బళ్లూ నా దగ్గరికొస్తాయి, మన బండి మాత్రం నువ్వు బయటివాడికి చూపిస్తావు. సరే, ఆ సంగతి తర్వాత.

బానెట్ ఎత్తు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్‌లోకి పోయే నల్ల పైపు మీద, రెండు వైర్లతో బొటనవేలంత సెన్సర్ ఉంటుంది. లోపలికెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పేది అదే. మీటరు పెట్టి చూశాను, సెన్సర్ బాగానే ఉంది. దాని ప్లగ్గే వదులైంది. అది ఊడినప్పుడల్లా బండి మైనస్ నలభై చలి అనుకుని పెట్రోలు తెగ తాగేస్తోంది. ఆ నల్ల పొగ అందుకే.

ప్లగ్గు లాకు విరిగిన రోజు రోడ్డు మీదే అమ్మ తన తలపిన్ను తీసి బిగించింది, గుర్తుందా? అమ్మ పోయాక కూడా అదే పట్టుకుని ఉంది. ఇప్పుడు తుప్పు పట్టి సాగిపోయింది. దాన్ని తీసేసి, డ్యాష్‌బోర్డు అరలో ఉన్న కొత్త క్లిప్పు వెయ్యి. తర్వాత తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా, నేను బండికి తగిలించి సీటు మీద పెట్టిన స్కానర్‌లో గాలి వేడి ఎంతో చూడు. బయట ఎంత వేడి ఉంటే దాదాపు అంతే చూపించాలి.

అయిదు నిమిషాల పని, నేనే చేసేదాన్ని. నిన్న రెండుసార్లు బానెట్ ఎత్తి, మళ్లీ మూసేశాను.

పిన్ను పారెయ్యకు. దానికి అమ్మ వెంట్రుక ఒకటి ఇంకా చుట్టుకుని ఉంది.