రెండో సంచి

శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర
షాపు వెనక భోజనాల గది

అక్కకు చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి రాశాను. నీ మరిదికి నడుంనొప్పి తగ్గింది. పెద్దదానికి ముందు పన్ను ఊడింది. ఆ పన్ను ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఇల్లంతా వెతికించింది, చివరికి నా చెప్పులో దొరికింది. బావగారికి కొత్త కళ్లజోడు కుదిరిందా? పేపరు ఇంకా చేయి చాచి పట్టుకునే చదువుతున్నారా?

బాగాలేనిది నేనొక్కదాన్నే. జ్వరం కాదు, భయం. పొద్దున తొమ్మిదింటి నుంచి పట్టుకుంది. నావి కోడిగీతలని చిన్నప్పుడు వెక్కిరించేదానివి, ఇవాళ్టి రాత చూసి ఏమంటావో. తెచ్చుకున్న డబ్బా తెరిచి ముద్ద దిగక మళ్లీ మూసేశాను. నీ మరిదితో చెబితే రేపే ఉద్యోగం మానెయ్యమంటాడు. నీకు ఫోన్ చేద్దామంటే నన్ను రెండు మాటలు పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే ఈ ఉత్తరం.

నేను కూర్చునే బిల్లు కౌంటర్లో ప్లాస్టిక్ సంచి ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చేవాళ్లం. మూడు వారాలుగా దానికి డబ్బు తీసుకుంటున్నాం. పెద్ద మొత్తమేం కాదు, ఒక టీ కూడా రాదు. కానీ జనం ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తున్నారు. ఆ నిబంధన నేనే ఇంట్లో కూర్చుని రాసినట్టు తిట్లన్నీ నాకే. ఒకావిడ బండి నిండా సరుకులు వేసుకొచ్చి, మీ షాపు పేరు అచ్చేసిన సంచి నేను ఊరంతా మోసుకు తిరిగితే మీరే నాకు డబ్బివ్వాలి కదా అని నిలదీసింది. నిజం చెప్పొద్దూ, ఆవిడ మాటలో న్యాయముంది. రిటైరైన మాస్టారొకాయన, మంచి పని చేశారమ్మా, భూమి బాగుపడుతుంది అని వరసలో ఉన్నవాళ్లందరికీ పాఠం చెప్పి, తన వంతు రాగానే గొంతు తగ్గించి, నాకు మాత్రం ఇవాళ్టికి ఒకటి ఊరికే ఇచ్చెయ్యమ్మా అన్నాడు. ఇంకొకాయన గుడ్లు హెల్మెట్లో పెట్టుకుని వెళ్లాడు, బండి ఎలా నడిపాడో దేవుడికెరుక. మొదటి వారం ఇవన్నీ ఇంట్లో అభినయించి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు.

అంతమందిలో ఒక్క మనిషే గొడవ పడలేదు. సన్నగా ఉంటుంది, ముప్ఫై ఏళ్లుంటాయేమో. రోజూ మూడింటికి నాలుగేళ్ల కూతుర్ని బడి నుంచి తీసుకెళ్తూ వస్తుంది. కొనేవి పాలు, బ్రెడ్డు, సబ్బు. ఒక సంచి సగం కూడా నిండదు. అయినా రెండు సంచులు అడుగుతుంది, డబ్బులన్నా మారుమాట్లాడదు. కౌంటర్ల వాళ్లం ఆవిడకి రెండు సంచులావిడ అని పేరు పెట్టుకున్నాం. రెండోది దేనికో నాకు తెలియదు. ఎవరి అవసరం వాళ్లదని నేనూ అడగలేదు.

ఇప్పుడు మా మిషను సంగతి చెప్పాలి, పాపమంతా అందులోనే ఉంది. ఊరికే ఇచ్చిన రోజుల్లో సంచి ఏ కాగితం మీదా ఉండేది కాదు. ఇప్పుడు ఎన్ని సంచులో నొక్కితే గానీ మిషను మొదటి వస్తువు తీసుకోదు. ఆ అంకె బిల్లులో అన్నిటికంటే పైన పడుతుంది. గుమ్మం దగ్గర గార్డు చూడాలి కాబట్టి బిల్లు సంచిలోనే పెట్టాలని మేనేజరు హుకుం. రెండు సంచులావిడ రోజూ బిల్లు వద్దండీ అనేది. నేను రోజూ రూలండీ అని, పాల ప్యాకెట్టుకీ బ్రెడ్డుకీ మధ్య శ్రద్ధగా దోపి పంపేదాన్ని. పని బాగా చేస్తున్నాననుకున్నాను అక్కా. ఆ బిల్లు ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించలేదు.

ఇవాళ పొద్దున షాపు తెరవగానే ఆవిడ భర్త వచ్చాడు.

ఇన్నాళ్లూ అరిచేవాళ్లనే చూశాను. ఈయన అరవలేదు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం, చేతిలో క్లిప్పు పెట్టిన బిల్లుల కట్ట. తేదీల వరసలో సర్ది ఉన్నాయి. ముందు నా బ్యాడ్జీ చదివాడు. ఏం లేదు మేడమ్, చిన్న సందేహం అన్నాడు. ప్రతి బిల్లులోనూ రెండు సంచులని ఉందట. ఇంటికి ఒకటే వస్తోందట. రెండోది ఎక్కడికి పోతోందో కనుక్కుందామని వచ్చాడట. డబ్బు కోసం కాదు మేడమ్, నా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు అన్నాడు. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. నాకు వీపంతా చెమట పట్టింది.

నా నోట్లోంచి అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు. కొత్త మిషనండీ, ఒకటి నొక్కితే రెండు పడుతోంది అన్నాను. అన్నిసార్లూనా అన్నాడు. అన్నిసార్లూ అన్నాను. ఆయన వెళ్లి ఒక సబ్బు తెచ్చి నా ముందు పెట్టి, ఒక్క సంచి ఇవ్వండి మేడమ్ అన్నాడు. మీటలు నా వైపే ఉంటాయి, కొనేవాళ్లకి కనపడవు. ఆయన ముఖంలోకే చూస్తూ వేలితో రెండు నొక్కాను. బిల్లు మీద రెండు పడింది. చూశారా అన్నాను. ఆ గొంతు నాదిలా లేదు. ఆయన బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా పక్క కౌంటరుకి వెళ్లి అగ్గిపెట్టె కొని, అక్కడా ఒక సంచి అడిగాడు. అక్కడ ఒకటే పడింది.

అక్కడి నుంచి మేనేజరు గదికి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ వినపడ్డాయి. నా భార్య రెండో సంచి ఏం చేస్తోందో మీ కెమెరాలో చూడాలి అన్నాడు. కెమెరాలు చూసే అతను సెలవులో ఉన్నాడు, రేపు పొద్దున పదింటికి రండి అన్నాడు మేనేజరు. వెళ్తూ వెళ్తూ ఆయన మళ్లీ నా దగ్గర ఆగాడు. మా ఆవిడతో ఈ మాట అనకండి, సున్నితమైన మనిషి, భయపడుతుంది అన్నాడు. తర్వాత, మీరు రోజూ ఏ బస్సులో వెళ్తారు మేడమ్ అని అడిగాడు. ఏదో ఒక నంబరు చెప్పాను. అది మా బస్సు కాదు.

కావాలని తప్పు బిల్లు కొట్టినట్టు తేలితే ఇంటికి పంపేస్తానని మేనేజరు ఆ తర్వాత నాతో అన్నాడు. పంపిస్తే ఏడుస్తాను, ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాను. నా భయం అది కాదు. రేపు పదింటికి ఆ కెమెరా చూశాక ఆయన ఇంటికి వెళ్తాడు కదా. వెళ్లి తలుపేసుకుంటాడు కదా. ఒకరోజు ఆవిడ సంచి అందుకుంటుంటే డ్రెస్సు చెయ్యి పైకి జరిగింది. మోచేతి దాకా కమిలిపోయి ఉంది. నేను చూశానని గ్రహించి గబుక్కున కిందికి లాక్కుంది. నేనేమీ అడక్కుండానే, మా అమ్మ మెట్ల మీంచి పడింది ఆంటీ అంది పాప, ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఆ మాట ఆ పసిదానికి ఎవరు నేర్పారో, ఎన్నిసార్లు చెప్పించారో.

పరాయి సంసారాల్లో వేలు పెట్టకు, నీ పని నువ్వు చూసుకో అంటావు. తెలుసు. కానీ ఇక్కడ వేలు పెట్టేశాను అక్కా, రోజూ ఆ మీట మీదే పెట్టాను. రెండు నొక్కింది నేను, బిల్లు దోపింది నేను. అంతా బుద్ధిగా, రూలు ప్రకారం చేశాను.

బెల్లు కొట్టారు, కౌంటరుకి వెళ్లాలి. బావగారికి నా నమస్కారాలు చెప్పు, పిల్లల్ని అడిగానను.

ఉంటాను,
నీ పిరికి చెల్లెలు

తా.క.: మూడున్నరయింది. పైన ఒక అబద్ధం రాశాను. రెండో సంచి దేనికో నాకు తెలుసు. సంచికి డబ్బు మొదలవకముందు నుంచే తెలుసు.

ఆవిడ ఇంటి నుంచి రోజుకొక వస్తువు చున్నీ చాటున దాచుకుని తెచ్చేది. పాప స్వెట్టరు, టీకాల కార్డు, తన చదువు కాగితాలు, ఒకసారి పాప పడుకునే చిన్న దిండు. ఇంట్లోంచి సంచితో బయల్దేరితే అందులో ఏముందని అడిగే మనిషి ఉన్నాడు. షాపు సంచిని ఎవరూ అడగరు. ఆ వస్తువు రెండో సంచిలో వేసి, నా కౌంటరు మీద మర్చిపోయినట్టు వదిలి వెళ్లేది. జనం మర్చిపోయిన సరుకులు పెట్టే అర నా కుర్చీ వెనకే ఉంది. నేనే అందులో సర్దేదాన్ని. మొదటిసారి నిజంగానే మర్చిపోయిందనుకుని వెనక పరిగెత్తాను. ఉండనివ్వండి, అన్నీ ఒకేసారి తీసుకెళ్తాను అంది. ఇన్ని తెలిసి కూడా రూలు రూలేనని బిల్లు దోపి పంపాను చూడు, అదే నన్ను తినేస్తోంది.

మూడింటికి ఆవిడ రాగానే ఆయన చెప్పొద్దన్నదంతా చెప్పేశాను. పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగుంబావు బస్సుకి టిక్కెట్లు నేనే ఫోన్లో తీశాను. అరలోవన్నీ కలిపి రెండు మూటలయ్యాయి. రేపు పదింటికి నేను కౌంటర్లోనే ఉంటాను. భయంగానే ఉంది, లేదని నీకు రాయను.

ఈ సంగతి మొదటి పేజీలోనే రాస్తే చదవడం ఆపేసి వద్దంటావని దాచాను. మీ మేడమీద గది ఖాళీగా ఉందని నాకు తెలుసు. నిన్ను అడక్కుండానే ఇచ్చేశాను, నన్ను తర్వాత తీరిగ్గా తిట్టు. ఈ ఉత్తరం పోస్టులో రాలేదు కదా. నీ చేతికిచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆవిడే. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ ఏమంటావోనని నీ ముఖంలోకే చూస్తూ ఉంటుంది. ముందు లోపలికి రమ్మను అక్కా.