ఆంబ్రోస్ అనే పేరును ఎవరికీ రాసివ్వకపోవడం

ఇత్తడి మీద పేర్లు చెక్కే మేస్త్రీగారి రెండో కొడుకునైన నేను, ఇరవై మూడేళ్ళవాణ్ణి, ఆస్పత్రి మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని స్వయంగా రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. అది ఏనాడూ లేదని వాదించదలచిన మా లెక్చరర్లు నిరభ్యంతరంగా కోర్టుకు వెళ్ళవచ్చు. ఎవరి బలవంతమూ లేదు. నెత్తురు పాడైంది గానీ చేతిరాత బాగానే ఉంది. డాక్టరుగారు "చూద్దాం" అనడం మానేసి "ఏమైనా తినాలని ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు కాబట్టి ఇక జాగు చేయడం తెలివైన పని కాదు.

దీన్ని అమలు జరపవలసినవాడు మా బావ. ఊరి గడియారాలన్నీ బాగుచేసి తాను మాత్రం ప్రతిచోటికీ ఆలస్యంగా వచ్చే ఘనుడు. ఈ ఒక్కసారికి వేళకు రావలసిందిగా మనవి.

1. నా సైకిలు బావకే. బెల్లు మోగదు, నోటితో అరుచుకోవాలి.

2. నీలం స్వెట్టరు అక్కకు. చిన్నప్పుడు నా గాలిపటం చించిన నేరం ఇందుమూలంగా మాఫీ. కడుపుతో ఉంది గనుక ఇప్పుడు పట్టదు, తర్వాత పడుతుంది. "ఒరేయ్, నీ జోకులకి లోపలున్నది తంతోందిరా" అంది నిన్న. అంత నిజాయితీ గల శ్రోత నాకు ఇంతవరకు దొరకలేదు.

3. తిరిగి ఇవ్వకుండా దాచుకున్న పేర్ల పుస్తకం కాలేజీ లైబ్రేరియన్ గారికి చేరాలి. పేజీ మడత పెట్టింది నేనే, క్షమించాలి. ఆ పేజీ ప్రకారం ఆంబ్రోస్ అనేది మగపిల్లల పేరు. పుట్టిల్లు గ్రీకు భాష. అర్థం చావులేనివాడు. గ్రీకు దేవతల ఆహారం పేరూ, మన అమృతమూ దీనికి దూరపు చుట్టాలట. పాతకాలపు ఒక మతగురువు పుణ్యమా అని దేశదేశాల్లో పాకింది. ఇప్పుడు పెట్టేవాళ్ళు తక్కువ. మా ఇంట్లో మాత్రం గిరాకీ తగ్గలేదు, రెండుసార్లు పెట్టారు.

4. వివరణ. నాకంటే ముందు ఒక అన్న ఉండేవాడు. నాలుగేళ్ళకే జ్వరంతో పోయాడు. వాడి పేరు నాన్న ఇత్తడి పలక మీద చెక్కి గది తలుపుకు బిగించారు. ఊరందరి గుమ్మాలకూ పేర్లు చెక్కే ఆయనకు చెక్కినదాన్ని అరగదీయడం మాత్రం చేతకాదు. మరుసటి ఏడు నేను పుడితే "పలక ఉందిగా" అన్నారట. అలా గది, తలుపు, పేరు నాకు సంక్రమించాయి. పేరు చెడ్డదని కాదు. అమ్మ పిలిచినప్పుడల్లా ఆమె చూపు నా భుజం మీదుగా కాస్త వెనక్కి పోయేది. నేనూ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఎవరూ ఉండేవారు కాదు. జోకులు వేయడం అందుకే నేర్చుకున్నాను. నవ్వేటప్పుడు అమ్మ నన్నే చూసేది.

5. నాన్న ఆ పలకను ఊడదీసి పాలిష్ పెడుతున్నారని బావ చెప్పాడు. అక్కకు మగపిల్లాడు పుడితే కావాలిగా! "ఇత్తడికి పాతబడ్డమేంటయ్యా, తోమితే కొత్తదే" అన్నారట. కాబట్టి ఈ పత్రంలోని అసలు కోరిక ఇది: ఆ పేరు అక్క బిడ్డకు పెట్టరాదు. దాన్ని నేను అనుభవించానే గానీ సంపాదించలేదు, కనుక దానమిచ్చే హక్కు నాకు లేదు. ఆపే హక్కు ఉందనుకుంటున్నాను. ఆ బిడ్డ భుజం వెనక ఎవరూ నిలబడి ఉండకూడదు. ఇద్దరం నిలబడితే మరీ ఇరుకు.

6. సంతకానికి ముందు చేర్చినది. మధ్యాహ్నం అమ్మనూ అక్కనూ వెంటబెట్టుకుని నాన్న వచ్చి ఐదో అంశం చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. అక్క కేసి తిరిగి, "మరి ఏం చెక్కమంటావే?" అన్నారు. "పుట్టనీ నాన్నా, మొహం చూసి చెప్తా" అంది అక్క. పాత పలక ఆరంగుళాలు, కొత్తది ఎనిమిది కోస్తానన్నారు నాన్న, ఎంత పెద్ద పేరైనా పట్టేలా. కనుక ఐదో అంశం నా జీవితకాలంలోనే అమలైనట్టు నమోదు చేయడమైనది.

అమ్మ ఒప్పుకోలేదు. "పేరు కూడా లేకుండా పోతే వాణ్ణి ఏమని పిలుచుకోనురా?" అంది. వాడంటే ఎవరని నేను అడగలేదు.

7. పాత పలక అమ్మకు. ఏ గోడకైనా కొట్టుకోవచ్చు. ఖాళీ గదిలో ఆ పేరు ఎన్నిసార్లు పిలిచినా పూర్తి హక్కు ఆమెదే. ఎవరిని పిలుస్తున్నావని ఇంట్లో ఎవరూ అడగరాదు. అన్నను పిలిచినా నాకు అభ్యంతరం లేదు.

మార్చి పద్నాలుగు, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలు.

(సంతకం)
ఆంబ్రోస్, రెండవవాడు

సాక్షులు:
ఒకరు, మూడో అంతస్తు నర్సమ్మ. సూదుల ట్రే కింద పెట్టి సంతకం చేశారు.
రెండోవారు, పక్క మంచం బస్సు కండక్టరుగారు. చదవనిదే చేయనన్నారు. చదివి, సంతకం చేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.