డి డ్రైవ్‌లో అన్న

జూన్ 2, సోమవారం

అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. ఉదయం ఏడింటి బ్యాచ్. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పదకొండు మందిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. జావానో టెస్టింగో నేర్చుకోక ఇదేంటమ్మా అని హనుమత్ప్రసాద్ సార్ అడిగారు. ఉద్యోగానికి అన్నాను. అబద్ధం.

అన్న కంప్యూటర్ కోసం. అనుదీప్ అన్న పోయి ఎనిమిది నెలలు. బైక్ మీద వస్తుంటే లారీ గుద్దింది. ఫోన్ కూడా ముక్కలైంది. కృష్ణానగర్‌లో డబ్బింగ్ చెప్పేవాడు. ఇంట్లో మైక్ పెట్టుకుని గంటల తరబడి ప్రాక్టీస్ చేసి, అంతా ఆ సిస్టమ్‌లోనే దాచేవాడు. ఇప్పుడది ఆన్ కావడం లేదు. అమ్మకు అన్న గొంతు ఒక్కసారి వినాలని ఉంది. షాపుకిద్దామంటే గడప దాటనివ్వనంది. పోయినోడు ఎట్లాగూ రాడు, వాడి డబ్బా సుత పోతే ఎట్లా అంటుంది.

నా పాత ఫోన్‌లో అన్న వాయిస్ నోట్స్ ఉండేవి. దాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసిన బుద్ధిమంతురాలిని నేనే.

జూన్ 6

ర్యామ్ తీసి దాని అంచును స్కూల్ పిల్లల రబ్బరుతో రుద్దితే ఒక్కోసారి సిస్టమ్ లేస్తుందట. నవ్వాను. ఇంటికొచ్చి రుద్దాను. లేచింది. ఫ్యాన్ తిరిగిన చప్పుడుకి అమ్మ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

స్క్రీన్ మీద 2015 జనవరి 1 అని పడింది. లోపలి బ్యాటరీ అయిపోతే తేదీ అలా వెనక్కి పోతుంది. అమ్మ అది చూసి మార్చొద్దంది. 2015లో అన్న ఇంటర్.

విండోస్ మాత్రం రాలేదు. నీలం స్క్రీన్.

జూన్ 7

బ్యాటరీ మార్చాను. ఈరోజు తేదీ పెట్టాను. అమ్మకు చెప్పలేదు.

జూన్ 14, శనివారం

వారం నుంచి ల్యాబ్‌లో విండోస్ వేయడమే పని. రోజుకు ఐదారుసార్లు. ముందు డిస్క్ మీదున్న పార్టిషన్లన్నీ, సి, డి ఏవుంటే అవి, డిలీట్ చేయాలి, తర్వాత న్యూ, నెక్స్ట్, నెక్స్ట్. ల్యాబ్ సిస్టమ్స్‌లో ఎవరిదీ ఏమీ ఉండదు కాబట్టి అదే పద్ధతి. సార్ టైమ్ పెడతారు. నేనే ఫస్ట్. ఇప్పుడు స్క్రీన్ చూడకుండానే చేస్తున్నాను. మగపిల్లలు ముక్కు మీద వేలేసుకున్నారు.

అన్న సంగతి సార్‌కు చెప్పేశాను. విండోస్ ఉండే సి ఒక్కటే ఫార్మాట్ చెయ్యి, డి జోలికి వెళ్లకు, రికార్డింగులు అందులోనే ఉంటాయి అన్నారు. ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. డి జోలికి వెళ్లకూడదు.

జూన్ 15, ఆదివారం, మధ్యాహ్నం 12

చేశాను. సి కాదు. అన్నీ.

అమ్మ పక్కన కూర్చుని అన్న చిన్నప్పటి ముచ్చట్లు చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. డిలీట్, డిలీట్, న్యూ, నెక్స్ట్. ఇరవై శాతం అని చూపిస్తున్నప్పుడు డి ఏదీ అనుకున్నాను. వైరు పీకేశాను. అలవాట్లో పొరపాటు అంటారు. మొదటిసారి అన్నను లారీ తీసుకుపోయింది. రెండోసారి నేను.

అయిపోయిందా బిడ్డా అని అమ్మ అడిగింది. ఇంకా టైమ్ పడుతుందన్నాను.

జూన్ 16

హార్డ్ డిస్క్ విప్పి టిఫిన్ సంచిలో పెట్టుకుని గడప దాటించాను. సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. దాన్ని వేరే సిస్టమ్‌కు తగిలించి రికవరీ పెట్టారు. డిలీట్ కొట్టగానే ఫైళ్లు చెరిగిపోవట. వాటి మీద కొత్తవి పడినంత మేరకే పోతాయట. మిగిలినవి వచ్చినా పేర్లు రావు.

జూన్ 18

రెండు వందల పద్నాలుగు ఫైళ్లు వచ్చాయి. పేర్ల బదులు నంబర్లు. మిగతావి నేను వేసిన విండోస్ కింద పడిపోయాయి.

డిస్క్ తెచ్చి మళ్లీ బిగించి, అమ్మకు అంతా చెప్పేశాను. తను చెప్పులేసుకుని వంట పని చేసే హాస్టల్‌కు వెళ్లిపోయింది.

జూన్ 21

రెండు రోజులు నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ పదకొండింటికి హాస్టల్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, హైందవీ పెట్టు అంది. స్పీకర్లు పెట్టాను.

ఒక ముసలాయన మంచినీళ్లు అడుగుతాడు. ఒక రౌడీ ఎవరినో చంపుతానంటాడు. ఒక కుందేలు పిల్ల ఏడుస్తుంది. అందరూ అన్నే. ప్రతిదానికీ అమ్మది ఒకటే మాట.

"గీయన ఎవరో. మన పిలగాడు గాదు."

మీ ఇంటికి ఎవరో పెద్దాయన వచ్చినట్టున్నారు, ఒంట్లో బాగోలేదా ఏంటి అని పక్కింటి సుమశ్రీ గారు అడిగారు. అవునన్నాను.

జూన్ 24

నూట అరవై అయ్యాయి. ఇల్లంతా మనుషులు, అన్న ఒక్కడే లేడు. తన గొంతుతో తాను మాట్లాడింది ఒక్కటైనా ఉండే ఉంటుంది. అది విండోస్ కింద ఉంది. నేనే కప్పేశాను.

భయంగా ఉంది. ఇవాళ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఒక ఆటో అతను ఎవరినో కేకేశాడు. ఆ గొంతు డెబ్బై మూడో నంబరు ఫైల్లోది అనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అతను ఎక్కుతావా లేదా అని విసుక్కున్నాడు.

జూన్ 26

నూట ఎనభై ఏడు.

స్పీకర్లలోంచి అమ్మ గొంతు. "అనుదీపూ, అన్నం సల్లారుతుంది. రా బిడ్డా." అన్న అమ్మలా మాట్లాడి రికార్డు చేసుకున్నాడు.

ఆపబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వస్తున్ననే అమ్మా" అంది. అమ్మ నోట అచ్చం అన్న గొంతే.

లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.