ఎడమ భుజం కాస్త కిందికి

అన్నయ్యా,

వదిన మీద కోప్పడకు. నీ పొట్ట సంగతి ఆవిడ నాకు చెప్పలేదు. "కోటు బిగుతైందా? తీసుకురండి, వదులు చేస్తాం" అని నీకొచ్చిన మెయిల్, మూడేళ్ల కిందట మన షాపులో కోటు కుట్టించుకున్న వాళ్లందరికీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపింది.

పోయిన నెలంతా, కస్టమర్ల కొలతలు దాచిపెట్టే మూడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించాను. నాన్న కొలతల పుస్తకంలోని ఒకే మాట మూడింటికీ ఇచ్చాను: "ఎడమ భుజం కాస్త కిందికి." రెండింటిలో అది రాసుకునే చోటే లేదు. మూడోది దాచుకుని, అడగ్గానే చూపించింది. దాన్నే తీసుకున్నాను. వారంలో నలభై ఆరుగురు కోట్లు పట్టుకొచ్చారు!

"దర్జీకి సాఫ్ట్‌వేర్ ఎందుకే?" అని పగలబడి నవ్వావుగా. నలభై ఏడో మనిషివి నువ్వే. ఆదివారం రా. పొట్ట కొలత ఒక్కటే తీస్తాను. నాన్న రాసిన ఆ ఎడమ భుజం నీదే.

నీ దర్జీ చెల్లెలు